కెమెరాకు చిక్కని రియాక్టర్

జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ ప్లాంటు అనగానే చాలామందికి ఒక వీడియో గుర్తొస్తుంది. లేత నీలం రంగు వేసిన చదరపు భవనం, దాని పైభాగం ఒక్కసారిగా ఎగిరిపోవడం, తెల్లటి పొగ నేలబారుగా పరుచుకోవడం. అది ఒకటో రియాక్టర్, 2011 మార్చి 12, శనివారం. రెండ్రోజుల తర్వాత మూడోది పేలింది. ఈసారి పొగ నల్లగా, నిలువుగా లేచింది. ప్రపంచంలో ఉన్న చానెళ్లన్నీ ఈ రెండు దృశ్యాలనే తిప్పి తిప్పి వేశాయి.

అయితే వాయవ్య దిశలో ఊళ్లకు ఊళ్లను ఏళ్ల తరబడి ఖాళీ చేయించిన కాలుష్యంలో పెద్ద వాటా రెండో రియాక్టర్‌దని ప్లాంటు యజమాని టెప్కో తర్వాత లెక్క తేల్చింది. ఆ రెండోది పేలనే లేదు. ఒకటోది పేలిన అదురుకి దీని గోడలో ఒక పలక ఊడిపోయింది. ఆ పేలుళ్లకి కారణమైన హైడ్రోజన్ వాయువు ఇక్కడ ఆ కంతలోంచి బయటికి పోవడంతో భవనం నిలబడింది. చూపించడానికి ఏమీ లేదు కాబట్టి ఎవరూ చూపించలేదు.

అణు ప్రమాదం జరుగుతుండగా దూరం నుంచి గంట గంటకీ గమనించడమంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ వారంలోనే. టీవీలో కనిపించేది ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, చాలాసార్లు వేరే చోటుది అయి ఉంటుంది. నిజంగా పనికొచ్చే సమాచారమంతా నాలుగు అంకెల్లో ఉంటుంది: కరెంటు ఉందా, నీళ్లు వెళ్తున్నాయా, గేటు దగ్గర రీడింగు ఎంత, గాలి ఎటు వీస్తోంది. ఆ అంకెలు ఉన్నవాళ్లు, జనం కంగారు పడతారని వాటిని దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఫుకుషిమాలో తప్పించగలిగిన నష్టం చాలావరకు అక్కడే ఉందని నా వాదన. సునామీని ఎవరూ ఆపలేరు, ఆ మాట ఒప్పుకుంటాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను అణు ఇంజినీర్ని కాను. బొగ్గు థర్మల్ స్టేషన్లో షిఫ్టు ఇంజినీరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. అణు విద్యుత్తుకి వ్యతిరేకిని కూడా కాను. బూడిద చెరువు పక్కన బతికినవాడికి బొగ్గు మీద భ్రమలేమీ ఉండవు.

ఆ శుక్రవారం మన టైము ప్రకారం ఉదయం 11 గంటల 16 నిమిషాలకు భూకంపం వచ్చింది. మధ్యాహ్నమంతా టీవీలో సెండాయ్ దగ్గర పొలాల మీదుగా నల్లటి నీళ్లు ఇళ్లని, కార్లని ఈడ్చుకుపోవడమే. మా బామ్మర్ది కుటుంబం అప్పుడు టోక్యోలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో ఉండేది. ఫోన్లు కలవలేదు. సాయంత్రానికి క్షేమమేనని మెయిల్ వచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు టెన్షన్ మొదలైంది సరిగ్గా అప్పుడే. స్క్రీన్ అడుగున ఒక చిన్న లైను పోతోంది: అణు ప్లాంటులో డీజిల్ జనరేటర్లు ఆగిపోయాయట.

థర్మల్ స్టేషన్లో యూనిట్ ట్రిప్పయితే బొగ్గు ఆగుతుంది, ఆయిల్ ఆగుతుంది, ఫర్నేస్‌లో మంట పోతుంది. ఆపైన మా బాధంతా టర్బైన్ బేరింగులకి ఆయిల్ అందుతోందా అన్నదే, దానికి బ్యాటరీ మీద తిరిగే డీసీ పంపు ఉంటుంది. అణు రియాక్టర్ అలా కాదు. కంట్రోల్ రాడ్లు లోపలికి దూరి ఫిషన్, అంటే పరమాణు కేంద్రకాలు చీలడం, ఆగిపోయినా, అప్పటికే పుట్టి ఉన్న రేడియోధార్మిక మూలకాలు వేడిని పుట్టిస్తూనే ఉంటాయి. దానికి స్విచ్చు లేదు. ఫుకుషిమా ఒకటో రియాక్టర్ ఉష్ణ సామర్థ్యం 1380 మెగావాట్లు. ఆపిన క్షణాన అందులో ఆరేడు శాతం వేడి ఉంటుంది, రోజు గడిచేసరికి అర శాతం దగ్గరికి వస్తుంది. అర శాతమే కదా అనిపిస్తుంది. అది దాదాపు 7 మెగావాట్లు. స్నానానికి బకెట్లో పెట్టుకునే హీటర్ రాడ్లు నాలుగున్నర వేలు ఒకే డ్రమ్ములో పడేసి రాత్రీ పగలూ వేసి ఉంచినట్టు. నీళ్లు పోస్తూనే ఉండాలి. పోయాలంటే పంపు తిరగాలి, పంపు తిరగాలంటే కరెంటు కావాలి.

ఆ కరెంటే లేదు. భూకంపానికి బయటి లైన్లు పోయాయి, డీజిల్ సెట్లు వాటంతటవే స్టార్టయ్యాయి, అంతవరకు అంతా పుస్తకంలో రాసినట్టే జరిగింది. 50 నిమిషాల తర్వాత సునామీ వచ్చింది. మొదటి నాలుగు యూనిట్లు కట్టిన నేల సముద్రమట్టానికి 10 మీటర్ల ఎత్తున ఉంది. డిజైన్లో వేసుకున్న సునామీ ఎత్తు 5.7 మీటర్లు. వచ్చింది 14, 15 మీటర్ల దాకా. డీజిల్ సెట్లు చాలావరకు టర్బైన్ భవనాల బేస్‌మెంట్లలో ఉన్నాయి. సముద్రం ఒడ్డున ప్లాంటు కట్టి డీజిల్ సెట్టు బేస్‌మెంట్లో పెట్టడమేమిటని తర్వాత అందరూ అడిగారు. ఆరో యూనిట్‌కి సంబంధించిన, గాలితో చల్లబడే సెట్టు ఒక్కటి మిగిలింది. అయిదు, ఆరు యూనిట్లు బతికి బయటపడింది దాని పుణ్యమే.

ఒకటో యూనిట్ కథ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ రాత్రి ప్రపంచానికి అందిన ప్రతి ధీమా మాటకి మూలం అక్కడి ఒక గేజి.

కంట్రోల్ రూంలో దీపాల్లేవు. బ్యాటరీలు కూడా నీటమునిగాయి. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని ప్యానెళ్ల ముందు నిలబడ్డారు. సిబ్బంది తమ కార్లలోంచి, కాంట్రాక్టర్ల బస్సుల్లోంచి బ్యాటరీలు విప్పుకొచ్చి వైర్లు కలిపి ఒక్కో గేజినీ బతికించారు. జపాన్ టైము ప్రకారం (ఇక్కణ్ణుంచి చెప్పే టైములన్నీ అక్కడివే) రాత్రి 9 గంటల 19 నిమిషాలకి నీటిమట్టం గేజికి ప్రాణం వచ్చింది. ఇంధనం పై అంచుకన్నా 20 సెంటీమీటర్ల పైన నీళ్లున్నాయని చూపించింది. హమ్మయ్య అనుకున్నారు.

బాయిలర్ డ్రమ్ లెవెల్ చూసినవాళ్లకి ఈ గేజి సంగతి కొత్త కాదు. లోపలి నీటి బరువుని పక్కనున్న సన్నటి గొట్టంలో ఎప్పుడూ నిండుగా ఉండే నీటి బరువుతో పోల్చి మట్టం చెప్తుంది. ఆ గొట్టాన్ని రిఫరెన్స్ లెగ్ అంటాం. వేడికి ఆ గొట్టంలో నీళ్లు ఆవిరైపోతే పోలిక తప్పిపోతుంది. లోపల నీళ్లు అడుగంటినా గేజి మాత్రం బాగానే ఉన్నాయంటుంది. ఆ రాత్రి జరిగింది అదే. టెప్కో తర్వాత చేసిన విశ్లేషణ ప్రకారం సాయంత్రం ఆరు దాటేసరికే ఇంధనం బయటపడింది, ఏడు కొట్టకముందే దెబ్బతినడం మొదలైంది. జపాన్ ప్రభుత్వం అణు అత్యవసర పరిస్థితి ప్రకటించింది 7 గంటల 3 నిమిషాలకి. అంటే మనమంతా టీవీల ముందు సర్దుకుని కూర్చునే సమయానికి ఒకటో రియాక్టర్ కథ చాలావరకు అయిపోయింది.

అక్కడే ఇంకో ముచ్చట ఉంది. ఒకటో యూనిట్‌కి కరెంటు అక్కర్లేకుండా ఆవిరిని చల్లార్చే ఏర్పాటు ఉండేది, ఐసొలేషన్ కండెన్సర్ అంటారు. అది పనిచేస్తుంటే రియాక్టర్ భవనం గోడకున్న రెండు రంధ్రాల్లోంచి ఆవిరి భోరున బయటికి కొడుతుంది. పక్కపక్కన రెండు కంతలు కాబట్టి అక్కడివాళ్లు వాటికి పంది ముక్కు అని పేరు పెట్టుకున్నారు. ఆ సాయంత్రం చూసొచ్చినవాళ్లు ఆవిరి కొద్దిగా వస్తోందని చెప్పారు. వస్తోంది కదా, నడుస్తోందన్నమాట అనుకున్నారు ఎమర్జెన్సీ రూంలో. నిజానికి డీసీ కరెంటు పోగానే ఏ పైపో పగిలిందేమోనని భద్రతా లాజిక్కే దాని వాల్వుల్ని మూసేసింది. ఆ షిఫ్టులో ఉన్నవాళ్లెవరూ ఆ కండెన్సర్‌ని ఎప్పుడూ నిజంగా నడిపి చూడలేదు. కొద్దిగా ఆవిరి రావడమే చెడ్డ సూచన అని చెప్పేవాళ్లు లేకపోయారు. ఆ మనుషుల్ని నేను తప్పుపట్టను. చీకట్లో, ప్రకంపనల మధ్య, తమ ఇళ్లవాళ్లు బతికున్నారో లేదో తెలియకుండా పనిచేసినవాళ్లు వాళ్లు.

ఒక గేజి అబద్ధం చెప్తే పక్క గేజి పట్టిస్తుంది, కంట్రోల్ రూంలో మొదట నేర్పే పాఠమిది. ఇక్కడా పట్టించింది. రాత్రి పదకొండుకి టర్బైన్ భవనం తలుపు దగ్గర రేడియేషన్ పెరుగుతోందని తేలింది. 11 గంటల 50 నిమిషాలకి రియాక్టర్ చుట్టూ ఉండే రక్షణ కవచం, అంటే కంటెయిన్‌మెంట్, లోపలి పీడనం చూస్తే డిజైన్ హద్దు దాటి 600 కిలోపాస్కల్స్ చూపించింది. లోపలివాళ్లకి ఆ అర్ధరాత్రికే అనుమానం గట్టిపడింది. మరి బయటికి ఎప్పుడు చెప్పారు?

మర్నాడు మధ్యాహ్నం జపాన్ అణు భద్రతా సంస్థ ప్రతినిధి ఒకాయన, కోర్, అంటే రియాక్టర్ లోపలి ఇంధనం, కరుగుతూ ఉండొచ్చని విలేకరుల ముందు నిజాయితీగా చెప్పాడు. రాత్రికల్లా ఆయన్ని ఆ బాధ్యత నుంచి తప్పించారు. పేలుడు 3 గంటల 36 నిమిషాలకి జరిగితే, జాతీయ చానెల్లో ఆ దృశ్యం గంటకు పైగా గడిచాక వచ్చింది. క్యాబినెట్ ముఖ్య కార్యదర్శి ఎడానో, నీలం పని బట్టల్లో, ఏదో పేలుడు లాంటిది జరిగినట్టుందని ఆచితూచి చెప్పాడు. కరిగిపోయిందన్న మాట ప్రెస్‌మీట్లో అనొద్దని టెప్కో అధ్యక్షుడు మార్చి 14న చీటీ పంపించాడన్నది 2016లో బయటపడింది. కోర్లు కరిగిపోయాయని కంపెనీ ఒప్పుకున్నది 2011 మే నెలలో. 7 దాకా ఉండే అంతర్జాతీయ స్కేలు మీద ప్రమాద తీవ్రతని మొదట 4 అన్నారు, మార్చి 18న 5 అన్నారు, ఏప్రిల్ 12న చెర్నోబిల్‌తో సమానంగా 7 చేశారు.

ఈలోపు మా ఇంట్లో వేరే యుద్ధం. మా అత్తగారు రోజుకి నాలుగుసార్లు ఫోను. "అల్లుడుగారూ, మీరు చెప్తే వింటాడు, వెంటనే వచ్చెయ్యమనండి." ఫ్రాన్సు తమ పౌరుల్ని టోక్యో వదిలిపొమ్మంది. అమెరికా తమవాళ్లని ప్లాంటుకి 80 కిలోమీటర్ల దూరం పొమ్మంది. జపాన్ ప్రభుత్వం 20 కిలోమీటర్లే అంటోంది. "బావగారూ, మా ఆఫీసులో జపాన్‌వాళ్లు రోజూ టైముకే వస్తున్నారు, ఫారినర్ల సీట్లు మాత్రం ఖాళీ. ఎవర్ని నమ్మాలి?" అని బామ్మర్ది అడిగాడు. టీవీ కట్టేసి టోక్యోలోని షింజుకులో పెట్టిన రేడియేషన్ మీటరు రీడింగు చూసుకోమన్నాను. మార్చి 15న అక్కడ గరిష్ఠంగా గంటకు 0.8 మైక్రోసీవర్టుల దాకా పోయి దిగింది. సీవర్టు అంటే ఒంటికి అందే రేడియేషన్ మోతాదుకి కొలత. మామూలు కంటే పది ఇరవై రెట్లు, కానీ ఆ కొద్దిసేపటికి అందిన మోతాదు విమాన ప్రయాణంలో అందేదానికన్నా తక్కువే. ఆ అంకె చేతిలో ఉంది కాబట్టి వాడు రాత్రి నిద్రపోయాడు. మన చానెళ్ల స్క్రోలింగులో రెట్లే తప్ప యూనిట్ ఉండేది కాదు. మిల్లీ, మైక్రో తేడా వెయ్యి రెట్లని చెప్పినవాళ్లు తక్కువ. అదే 15వ తేదీన ఎడానో మాత్రం ఇప్పటిదాకా మైక్రో, ఇది మిల్లీ అని విడమరిచి చెప్పాడు. మూడో యూనిట్ దగ్గర గంటకు 400 మిల్లీసీవర్టులు. ఆ ఒక్క వాక్యానికి ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

మార్చి 23న టోక్యో కుళాయి నీళ్లలో రేడియోధార్మిక అయొడిన్ కిలోకి 210 బెకరెల్స్ (రేడియోధార్మికతకి కొలత) ఉందని, పసిపిల్లలకి పరిమితి 100 అని, ఏడాదిలోపు పిల్లలకి పట్టొద్దని నగర ప్రభుత్వం ప్రకటించింది. మా బామ్మర్ది వాళ్ల పాప అప్పటికి ఏడు నెలలది. దుకాణాల్లో నీళ్ల సీసాలు గంటల్లో మాయమయ్యాయి, నిజమే. కానీ ప్రభుత్వం ఒక్కో బిడ్డకి మూడేసి సీసాలు పంచింది, మర్నాడు 79కి తగ్గిందని చెప్పి ఆంక్ష ఎత్తేసింది. అంకె చెప్పారు, పరిమితి చెప్పారు, ఎవరికి వర్తిస్తుందో చెప్పారు. కోటీ ముప్ఫై లక్షల మంది ఉన్న టోక్యోలో తొక్కిసలాటలేమీ జరగలేదు.

ఇప్పుడు ఆ రెండో రియాక్టర్ దగ్గరికి వద్దాం. మార్చి 15 ఉదయం 9 గంటలకి ప్లాంటు మెయిన్ గేటు దగ్గర గంటకు 11,930 మైక్రోసీవర్టులు. అంతవరకు ఎక్కువగా సముద్రం వైపు కొట్టిన గాలి ఆ రోజు తిరిగింది. మధ్యాహ్నం నుంచి వాయవ్యానికి మళ్లింది, సాయంత్రం అటువైపు వాన, మంచు పడ్డాయి. గాలిలో పోయేది నేలకి దిగింది. ప్లాంటుకి 30 నుంచి 45 కిలోమీటర్ల దూరంలో, కొండల్లో ఉన్న ఇటాటే గ్రామంలో ఆ సాయంత్రం 44.7 మైక్రోసీవర్టులు నమోదయ్యాయి. తీరం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకి అన్నం పెడుతున్న ఊరది. ఆ ఊరిని ఖాళీ చేయించాలని ప్రభుత్వం నిర్ణయించింది ఏప్రిల్‌లో. నామియె పట్టణంవాళ్లకి ఇంకా అన్యాయం జరిగింది. వేలమంది జనం, ఎటు పోవాలో చెప్పే దిక్కు లేక, వాయవ్యాన ఉన్న త్సుషిమాకి వెళ్లారు. పిల్లలు ఆరుబయట ఆడుకున్నారు, పెద్దవాళ్లు వాగు నీళ్లతో అన్నం వండారు. ఆ గాలి దారి ముందే అంచనా వేసే స్పీడీ అనే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది, గంట గంటకీ మ్యాపులు తీస్తూనే ఉంది. అమెరికా సైన్యానికి అవి 14 నుంచే అందాయి. నామియె మేయరుకి అందలేదు. జనానికి మొదటి మ్యాపు చూపించింది 23న.

దీనికి అధికారులు చెప్పిన సమాధానం తీసిపారేసేది కాదు. ఎంత రేడియోధార్మికత విడుదలవుతోందో తెలియదు, ఊహ అంకె వేసి తీసిన మ్యాపు అది, తప్పయితే జనం అనవసరంగా పరుగులు తీస్తారు అన్నారు. పరుగులు చంపుతాయి కూడా. ప్లాంటుకి నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోని ఫుతాబా ఆసుపత్రి నుంచి ముసలి రోగుల్ని బస్సుల్లో పది గంటలు తిప్పితే, దారిలోను, ఆ తర్వాత రోజుల్లోను నలభై మందికి పైగా పోయారు. తరలింపు, దాని తర్వాతి అవస్థల వల్ల ఫుకుషిమా రాష్ట్రంలో పోయినవాళ్లు 2,300 దాటారు, అక్కడ సునామీకి పోయినవాళ్లకన్నా ఎక్కువ. హడలగొట్టడం కూడా తప్పే. నాలుగో యూనిట్‌లో వాడేసిన ఇంధనాన్ని ముంచి ఉంచే కొలనులో నీళ్లే లేవని అమెరికా అణు నియంత్రణ సంస్థ అధిపతి చెప్పాడు, ఉన్నాయని తర్వాత తేలింది.

అయినా నా మాట మార్చుకోను. ఎంత విడుదలవుతోందో తెలియకపోయినా ఎటు పోతుందో తెలుసు. త్సుషిమా వైపు వెళ్లకండి, ఇంకో దిక్కుకి వెళ్లండి అని చెప్పడానికి పరిమాణం అక్కర్లేదు, దిశ చాలు. ఫుతాబా రోగులు పోయింది సమాచారం ఎక్కువై కాదు. బస్సు ఎక్కడికి పోవాలో, ఏ ఆసుపత్రి చేర్చుకుంటుందో ఎవరికీ తెలియక.

2022 మార్చి 4 తెల్లవారుజామున ఉక్రెయిన్‌లోని జపోరిజియా ప్లాంటు మీద కాల్పుల్ని సీసీ కెమెరా లైవులో ప్రపంచమంతా చూసింది. కాలింది శిక్షణ భవనం, రీడింగులు కదలలేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో అక్కడ బయటి కరెంటు లైన్లు పలుమార్లు తెగి ప్లాంటు డీజిల్ సెట్ల మీద నడిచిన రాత్రులున్నాయి. నా లెక్కలో ఆ రాత్రులే ఎక్కువ ప్రమాదం. వాటికి లైవ్ లేదు.

ఇక మన సంగతి. మూడో రియాక్టర్ పేలిన ఆ మార్చి 14నే, మన అణు విద్యుత్ కార్పొరేషన్ అధినేత ఫుకుషిమాలో అణు ప్రమాదమేమీ లేదని, పథకం ప్రకారం జరుగుతున్న అత్యవసర సన్నద్ధత కార్యక్రమమేనని చెప్పాడు. అణుశక్తి శాఖ కార్యదర్శి అది కేవలం రసాయన చర్య అన్నాడు. హైడ్రోజన్ మండడం రసాయన చర్యే, కాదనను. ఆ హైడ్రోజన్ ఎక్కడి నుంచి వచ్చింది? ఎండిపోయిన ఇంధనం తొడుగు ఆవిరితో కలిసి మండితే వచ్చింది. ఆయనకి ఇది నాకన్నా బాగా తెలుసు. నాకు కోపం తెప్పించేది అదే. ఎందుకంటే చెప్పుకోదగ్గ కథ మన దగ్గరే ఉంది. 1993 మార్చి 31న నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, మంటలు లేచి, కేబుళ్లు కాలిపోయి 17 గంటలు పూర్తి బ్లాకౌట్. మనవాళ్లు చీకట్లో టార్చిలైట్లతో వెళ్లి, ఫిషన్ మళ్లీ మొదలుకాకుండా అణిచే బోరాన్ కలిపారు, అగ్నిమాపక డీజిల్ పంపుతో నీళ్లు పెట్టి రియాక్టర్‌ని కాపాడారు. ఆ ఆపరేటర్ల గురించి మన పిల్లలకి పాఠం ఉండాల్సింది. మాకేమీ కాదు అనే అలవాటులో పడి, అయింది, ఇలా గట్టెక్కాం అని చెప్పుకోవడం మర్చిపోయారు.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలని ప్రతిపాదన ఉంది. వస్తే రానివ్వండి. కానీ మన దేశంలో అణు ప్లాంటు బయటి అత్యవసర ప్రణాళిక గీసేది 16 కిలోమీటర్ల వలయానికి. ఇటాటే 16 కిలోమీటర్లలో లేదు. వలయం మ్యాపులో గుండ్రంగా ఉంటుంది, గాలి గుండ్రంగా పోదు. పైగా మనకి 2020 మే 7 ఉంది. విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు జనం తెల్లవారుజామున ఎటు పరిగెత్తాలో తెలియక ఆవిరిలోకే పరిగెత్తి రోడ్ల మీద పడిపోయారు. సైరన్ మోగలేదు. అదేమీ అణు ప్లాంటు కాదు, ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ.

అందుకే కొవ్వాడ గురించి ఎవరైనా అడిగితే రియాక్టర్ డిజైన్ దగ్గర మొదలుపెట్టను. రణస్థలం బస్టాండులోను, చుట్టుపక్కల పంచాయతీ ఆఫీసుల ముందు ఒక్కొక్క బోర్డు పెట్టండంటాను. గంటకు ఎన్ని మైక్రోసీవర్టులు, గాలి ఎటు, తెలుగులో, ప్లాంటు ఆఫీసు అనుమతి లేకుండా దానంతట అదే మారే అంకె. పునాది తవ్వకముందే పెట్టాలి. ఉత్తరాంధ్ర తీరం ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది, కాబట్టి కొన్నిచోట్ల సహజంగానే రీడింగు కాస్త ఎక్కువ ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ అంకె ఎంతో ఊళ్లోవాళ్లకి ఇప్పుడే తెలిసి ఉంటే, రేపెవరో ఆన్‌లైన్లో కొన్న మీటరు బీచిలో పెట్టి లీకయిందని వాట్సాప్‌లో వీడియో తిప్పినప్పుడు, కలెక్టరు వచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేకుండా బోర్డు చూసి వాళ్లే తేల్చుకుంటారు.